బండి పూర్తయితే బతుకు ఆగమే

పాత కారు కొని, దాన్ని సరదాగా బాగు చేయించుకుందామనుకునే వారికి ఈ వ్యాసం ఒక హెచ్చరిక. కొనడంలో ప్రమాదమేమీ లేదు. నెలల తరబడి షెడ్డులో పెట్టడంలోనూ లేదు. జీతంలో సగం దాని మీద పోసినా పెద్ద నష్టం లేదు, ఇంతకంటే పనికిమాలిన వాటి మీద పోసేవాళ్లను మనం రోజూ చూస్తూనే ఉన్నాం. ప్రమాదమల్లా ఆ బండి నిజంగా బాగయితేనే. ఇంత ముఖ్యమైన విషయం మీద ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఇప్పటిదాకా ఎవరూ నోరు విప్పకపోవడం విచారకరం.

నల్గొండలో పానగల్ రోడ్డు వైపు ఒకసారి వెళ్లి చూడండి. ఏదో ఒక షెడ్డు ముందు ఒక మారుతి ఎయిట్ హండ్రెడ్ బానెట్ ఎత్తి నిలబెట్టి ఉంటుంది. చుట్టూ నలభై దాటిన నలుగురు మగవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి తొంగిచూస్తుంటారు. ఒకాయన జూనియర్ కాలేజీ లెక్చరర్, ఒకాయనది ఎరువుల దుకాణం, ఒకాయన ఇన్సూరెన్సు ఏజెంటు. నాలుగో ఆయన ఎవరో ఎవరికీ తెలియదు, దారిన పోతూ ఆగాడు. అందరికంటే ఎక్కువ సలహాలిచ్చేది ఆయనే. బండి ఎవరిదో పైకి చూసి చెప్పడం కష్టం. మాట్లాడకుండా నిలబడ్డవాడిదే అయి ఉంటుంది.

ఇన్ని కార్లుండగా ఎయిట్ హండ్రెడ్ మీదే ఎందుకు పడ్డారంటే, దానికి కారణముంది. 1983 డిసెంబరులో ఇందిరా గాంధీ చేతుల మీదుగా మొదటి బండి తాళాలు ఇచ్చిన నాటి నుంచి 2014 జనవరిలో తయారీ ఆపేసేదాకా, ముప్పై ఏళ్లు అదే బండి వస్తూనే ఉంది. 796 సీసీ, మూడు సిలిండర్లు. సామాను ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. పది, పన్నెండు, పద్నాలుగు నంబరు పానాలు చేతిలో ఉంటే సగం బండి విప్పేయొచ్చు. విప్పడం అంత సులువు కాబట్టే ఇంతమంది విప్పారు. బిగించడం గురించి తర్వాత మాట్లాడుకుందాం.

ముందు కొనుగోలు. బ్రోకర్ చెప్పే మొదటి మాట మీకు తెలిసిందే: "డాక్టర్ వాడిన బండి సార్, సింగిల్ హ్యాండ్." మన దగ్గర అమ్మకానికొచ్చిన ప్రతి పాత కారునూ ఒక డాక్టరే వాడాడు. ఆదివారం మాత్రమే తీసేవాడు, అదీ గుడికి. ఈ లెక్కన తొంభైలలో మన జిల్లాలో రోగులకంటే డాక్టర్లే ఎక్కువమంది ఉండి ఉండాలి, ఒక్కరూ డ్యూటీకి పోయినవాళ్లు కారు. తెలివైనవాళ్లు చెప్పకుండా పొద్దున్నే వెళ్లి ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తారు. వేడిగా ఉందంటే, మీరొచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట, చల్లటి ఇంజన్ చేసే గొడవ మీకు కనపడకుండా. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే పిస్టన్ రింగులు పోయినట్టు, ఇంజన్ సిలిండర్లకు బోర్ వేయించాల్సిందే. జేబులో చిన్న అయస్కాంతం ఉంటే ఇంకా మంచిది. రేకు మీద అతుకుతుంది, పుట్టీ మీద అతకదు. మా మిత్రుడొకాయన అలాగే ఒక బండి చుట్టూ అయస్కాంతం పట్టుకుని తిరిగాడు. ఎడమ పక్క డోరు నుంచి డిక్కీ దాకా ఎక్కడా అతకలేదు. వెంటనే అడ్వాన్సు ఇచ్చేశాడు. రెండేళ్ల పని గ్యారంటీ అని ఆయన లెక్క. ఈ రంగంలో నేను చూసిన ఏకైక దూరదృష్టి గలవాడు ఆయనే.

ఇక మన నీళ్ల సంగతి. ఫ్లోరైడ్ నీళ్లలో పటిక, సున్నం కలిపి తేర్చి తాగడానికి పనికొచ్చేలా చేసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది, మన జిల్లా పేరుతో ప్రపంచమంతా తెలుసు. మన షెడ్లలో పుట్టిన పద్ధతి మరొకటుంది, దానికే ఇంకా గుర్తింపు రాలేదు. అది రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం. మొన్నామధ్య ఒక ఎయిట్ హండ్రెడ్ ఇంజన్ పైభాగం, అంటే హెడ్, దించుతుంటే దగ్గరుండి చూశాను. నీళ్లు తిరగాల్సిన దారుల్లో, కాగు అడుగున పట్టినట్టు, తెల్లటి పొర గట్టిపడి ఉంది. కుర్రాడు స్క్రూడ్రైవర్‌తో గీకుతుంటే పెళ్లలు పెళ్లలుగా రాలింది. కొన్ని దారుల్లో వేలెడు మందం, కొన్ని పూర్తిగా మూసుకుపోయాయి. అంతటితో అయిపోలేదు. థర్మోస్టాట్ వాల్వ్ ఉండాల్సిన గూడు ఖాళీగా ఉంది.

"వాల్వ్ ఏది భాయ్?"

"మన ఎండలకు వాల్వ్ ఎందుకు సార్? ఎవరో తీసి పారేసిన్రు. మంచి పనే చేసిన్రు."

ఇంజన్ ఎనభై డిగ్రీలు దాటేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనియ్యకుండా ఆపడం ఆ వాల్వ్ పని. అది లేకపోతే ఇంజన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అటు వాల్వ్ తీసేసి ఇంజన్‌ను చల్లగా ఉంచారు, ఇటు బోరు నీళ్లు పోసి దారులు మూసి మరగబెట్టారు. రెండూ కలిస్తే వేడి చూపించే సూది మధ్యలో నిలబడుతుంది, చూసినవాడు బండి బ్రహ్మాండంగా ఉందనుకుంటాడు. ఇంత నాజూకైన సమతూకం ఏ ఇంజనీరింగ్ కాలేజీలోనూ నేర్పరు.

"బోరు నీళ్ల బదులు కూలెంట్ పోస్తే ఏమైతది భాయ్?"

"పైసలైతయ్ సార్."

పైసల మాటొచ్చింది కాబట్టి ఇంట్లోవాళ్ల అభ్యంతరాలకూ ఇక్కడే సమాధానం చెప్పాలి. నలభై వేలకు కొన్న బండికి తొంభై వేలు ఎవరైనా పెడతారా అని అడుగుతారు. 2015లో పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 35,200 కోట్లకు పాలనా అనుమతి ఇచ్చారు, తర్వాత అంచనా 55 వేల కోట్లు దాటింది. దాన్ని పట్టుకుని డొక్కు అని ఎవరైనా అన్నారా? సవరించిన అంచనాలు అన్నారు. అదే మాట మనం వంటింటి గడప దగ్గర నిలబడి అంటే మాత్రం లొల్లి. ప్రజాస్వామ్యంలో ఇది వివక్ష.

కాగితాలు ఇంకో పురాణం. మన బండి నంబరు ఏపీ 24, అంటే ఉమ్మడి నల్గొండ. అది కొన్న తర్వాత రాష్ట్రం విడిపోయింది, టీఎస్ 05 వచ్చింది. జిల్లా మూడు ముక్కలై సూర్యాపేటకు, యాదాద్రికి వేరే నంబర్లొచ్చాయి. 2024లో టీఎస్ పోయి టీజీ అయింది. ప్రభుత్వాలు ఇన్ని తిప్పలు పడుతుంటే ఎయిట్ హండ్రెడ్ మాత్రం ఉమ్మడి జిల్లాను నుదుటి మీద పెట్టుకుని షెడ్డులో నిశ్చింతగా ఉంది. ఆర్‌సీ గడువు పదిహేనేళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఆ పొడిగింపు ఫీజు ఒకప్పుడు 600. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ అదనం. అంటే బండి వయసు పెరిగేకొద్దీ దాని ధర పడిపోతుంది, గౌరవం పెరుగుతుంది. మనుషుల విషయంలోనూ ఇలాంటి జీవో ఒకటి వస్తే బాగుండు.

కుర్రకారు గురించి రెండు ముక్కలు. పన్నెండు అంగుళాల చక్రాలు తీసేసి పెద్దవి వేయడం, సైలెన్సర్ కోసి ఊరు లేపడం, బండిని కిందికి దించి స్పీడ్ బ్రేకర్ల మీద పొట్ట గీరించడం. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. రంగు మార్చినా ఆర్‌సీలో రాయించాలి. వాళ్లకు వేరే వ్యాసం కావాలి, వేరే పోలీసులు కావాలి.

అసలు విషయానికొస్తాను. మిర్యాలగూడలో నాకు తెలిసిన ఒకాయన తన ఎయిట్ హండ్రెడ్‌ను పూర్తి చేశాడు. నేను ఎంత చెప్పినా వినలేదు. డెంటింగ్ చేయించాడు, కింద తుప్పు కోయించి కొత్త రేకు వెల్డింగ్ పెట్టించాడు, కార్బురేటర్ జెట్లు కడిగించి చెవి పెట్టి ఐడ్లింగ్ సెట్ చేయించాడు. చివరికి ఒక పొద్దున ఒక్క సెల్ఫ్‌కే బండి లేచింది. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన పతనం అక్కడే మొదలైంది.

మొదట బామ్మర్ది వచ్చాడు. "బావా, ఖాళీగనే ఉంది గదా" అని పెళ్లి పత్రికలు పంచడానికి తీసుకుపోయి, రిజర్వులో తెచ్చి పెట్టాడు. అమావాస్యకు చెరువుగట్టు గుడి, సెలవులకు యాదగిరిగుట్ట. సాగర్ గేట్లెత్తారని టీవీలో రాగానే వీధిలో పిల్లలందరూ వెనక సీట్లో కూర్చుని ఉన్నారు, ఎవరి పిల్లలో లెక్క తేలలేదు. ఏసీ లేని బండి, పవర్ స్టీరింగ్ లేని బండి. మే నెలలో విజయవాడ హైవే మీద ముందొక సిమెంటు లారీ, వెనకొక ఏసీ బస్సు హారన్, మధ్యలో మనవాడు రెండు చేతులా స్టీరింగ్‌ను పిండుతూ. ఇరవై ఏళ్ల కిందటి ఎయిట్ హండ్రెడ్‌ను నడపడం ఏమంత సుఖం కాదని ఆయనకు అప్పుడు తెలిసింది. షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఆ సంగతి బయటపడే అవకాశమే లేకపోయింది.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది సాయంత్రం. రెండేళ్లుగా ఆఫీసు నుంచి నేరుగా షెడ్డుకు పోయి, ఒక స్టూలు లాక్కుని, చాయ్ చెప్పి, బేరింగుల గురించి మాట్లాడుతూ చీకటిపడేదాకా కూర్చున్న మనిషి. అక్కడ ఎవరూ ఆయన్ని పిల్లవాడి ఎంసెట్ ర్యాంకు అడగలేదు, ఇంటి లోను అడగలేదు. క్లచ్ ప్లేట్ వచ్చిందా అని మాత్రమే అడిగారు. బండి బాగైన మర్నాడు అలవాటుకొద్దీ అక్కడికే పోయాడు.

"మంచిగుంది గదా సార్, మళ్లేమైంది?" అన్నాడు మెకానిక్.

ఏమీ కాలేదని చెప్పలేక, ఏదో సప్పుడొస్తోందన్నాడు. మెకానిక్ ఒక రౌండ్ తిప్పి, సప్పుడేం లేదని తేల్చేశాడు. స్టూలు మీద అప్పటికే ఇంకొకాయన కూర్చుని ఉన్నాడు, ఆయన బండికి ఇంజన్ కూడా లేదు. ఇంటికెళ్తే భార్య, "ఇగ బండి అయిపోయింది గదా, రోజూ ఆరింటికల్లా ఇంటికి రా" అంది. కూరగాయల సంచి కూడా చేతిలో పెట్టింది.

ఈ విషయంలో మహబూబ్‌నగర్ వాళ్లు మనకంటే ముందున్నారు. అక్కడి పిల్లలమర్రి అనే మర్రిచెట్టుకు ఏడు వందల ఏళ్లంటారు. 2018లో చెదలు తింటున్నాయని కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి చుక్క చుక్కగా మందు ఎక్కించారు. దేశమంతా పేపర్లలో ఫొటోలొచ్చాయి. అంత శ్రద్ధగా చూసుకున్నాక కూడా ఆ చెట్టును ఎవరూ పెళ్లి పత్రికలు పంచుకురమ్మనలేదు. ఉన్నచోటే ఉంది, జనమే టికెట్టు కొని చూసి పోతున్నారు. పాత కారు యజమానికి ఇంతకంటే ఏం కావాలి?

కాబట్టి ఒక పని పూర్తికావస్తుండగా ఇంకోటి విప్పిపెట్టాలి. బ్రేకులు కుదిరాయంటే డ్యాష్‌బోర్డు ఊడదీయాలి. వైరింగ్ మొత్తం మార్పిస్తానని ఎలక్ట్రీషియన్‌కు అప్పగిస్తే ఏడాదిన్నర దాకా భయం లేదు, ఆయన రేపొస్తానంటాడు, రాడు. సామాను ఒరిజినలే కావాలని పట్టుబట్టాలి, హైదరాబాద్ రాణిగంజ్‌కు ఆదివారమే పోవాలి, చాలా షాపులు మూసి ఉంటాయి. బిగించాక నాలుగు బోల్టులు మిగిలాయంటే నిజాయితీగల మనిషి ఏం చేస్తాడు? అవి ఎక్కడివో తెలుసుకోవడానికి మళ్లీ మొదటి నుంచి విప్పుతాడు. ఇంట్లో ఎవరైనా ఎప్పుడైతదని అడిగితే, "దసరాకు" అనాలి. ఏ దసరా అని చెప్పకూడదు.

మిర్యాలగూడ ఆయన సంగతి చెప్పడం మరిచాను. ఎయిట్ హండ్రెడ్‌ను బామ్మర్దికే అంటగట్టి, ఒక పాత మారుతి జెన్ కొన్నాడు. 1993లో వచ్చి 2006లో ఆగిపోయిన మోడల్, 993 సీసీ, ఎయిట్ హండ్రెడ్ అంత సులువుగా సామాను దొరకదు. మొన్న ఫోన్ చేశాడు. ఎడమ పక్క హెడ్‌లైట్ పగిలిపోయిందట, మిర్యాలగూడలో లేదు, నల్గొండలో లేదు, రాణిగంజ్‌లో మూడు గల్లీలు తిరిగినా లేదట. ఇంజన్ సంగతి ఇంకా చూడనే లేదట. ఆ మనిషి అంత సంతోషంగా మాట్లాడటం విని చాలా రోజులైంది. మధ్యలో ఎవరో చాయ్ అని పిలిస్తే ఫోన్ పెట్టేశాడు.