ముందు గోడకి సున్నం

(గుంటూరు, బ్రాడీపేట. పొద్దున్న ఏడున్నర. జిమ్ నుంచి వచ్చిన మూర్తి బనీను విప్పుకుంటుంటే అది తల మీదుగా వచ్చి కుడి మోచేతి దగ్గర చిక్కుకుపోయింది.)

మూర్తి: పద్మా! ఓసారి ఇలా రావే!

పద్మ: ఏమైందండీ?

మూర్తి: చెయ్యి పైకి లేవట్లేదు. కాస్త బనీను లాగు.

పద్మ: నిన్న మా తమ్ముడికి ఫోన్ చేసి ఎనభై కిలోలు ఎత్తానన్నారు. తెల్లారేసరికి బనీను బరువైపోయిందా?

మూర్తి: అబ్బా, మెల్లిగా! సగం దాకా బానే లేస్తుంది. భుజం ఎత్తుకి వస్తేనే కలుక్కుమంటోంది.

పద్మ: ఫిజియోథెరపిస్టు చెప్పిందేమన్నా గుర్తుందా?

మూర్తి: ఫీజు గుర్తుంది.

(బనీను ఇంకా అక్కడే ఉంది. పద్మకి తొందరేం లేదు. ఈయన కదలకుండా కూర్చుని ఆవిడ మాట వినడం పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఇదే మొదలు.)

పద్మ: భుజం గూడు లోతుండదట. సాసర్లో నిమ్మకాయ పెట్టినట్టే. అది జారకుండా నాలుగు చిన్న కండరాలు పట్టుకుని ఉంటాయి. రొటేటర్ కఫ్ అన్నాడు. మీరు బల్ల మీద పడుకుని ఇనప బార్ పైకి తోసే ఆ బెంచ్ ప్రెస్‌కి మోచేతులు కోడిపుంజు రెక్కల్లా బార్లా చాపితే భుజం మీద భారం పెరుగుతుందట. ఒంటికి 45 డిగ్రీల్లో ఉంచమన్నాడు. బార్ మెడ వెనక్కి దించేది కూడా ఇప్పట్లో వద్దన్నాడు.

మూర్తి: మా కోచ్ అలాగే చేస్తాడు మరి!

పద్మ: మీ కోచ్‌కి ఇరవై మూడు. మీకు నలభై ఏడు. సరే, సోమవారం ఏం చేస్తారు?

మూర్తి: ఛాతీ.

పద్మ: బుధవారం?

మూర్తి: భుజాలు. కాస్త ఛాతీ.

పద్మ: వీపు?

మూర్తి: వీపు అద్దంలో కనబడదు కదే.

పద్మ: అదీ సంగతి! ముందు గోడకి సున్నం, వెనక గోడకి పిడకలు. ఛాతీకి ఎంత తోస్తే వీపుకి అంతా లాగాలి అని ఆయన మూడుసార్లు చెప్పాడు. లాగడానికి రబ్బర్ బ్యాండు కూడా ఇచ్చాడు. ఏదీ?

మూర్తి: బియ్యం బస్తా జారిపోతుంటే బండికి కట్టాను.

పద్మ: దేవుడా!

మూర్తి: మిర్చి యార్డులో హమాలీలు పొద్దస్తమానం టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోస్తారు. వాళ్ళేమన్నా బ్యాండ్లు లాగుతున్నారా?

పద్మ: రాత్రిపూట వాళ్ళ భుజాలు ఏమంటున్నాయో మీరెప్పుడైనా అడిగారా?

(మూర్తి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.)

మూర్తి: అయితే నెల్లాళ్ళు చెయ్యి కదపకుండా పడుకుంటాను.

పద్మ: అసలు కదపకపోతే బిగుసుకుపోతుందట. నొప్పి పెరగనంత మేర కదుపుతుండాలి. ఆ పక్కకి తిరిగి పడుకోకూడదు. చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నాడు. తగ్గాక ఖాళీ బార్‌తో మొదలెట్టి మెల్లిగా పెంచాలి.

మూర్తి: ఖాళీ బారా! అదొక్కటే 20 కిలోలే.

పద్మ: మీకదో లెక్కా? ఎనభై ఎత్తిన మనిషి.

మూర్తి: అంటే... బార్ ఇరవై, అటో పది, ఇటో పది.

పద్మ: నలభై అయింది. మిగతా నలభై?

మూర్తి: అది మీ తమ్ముడితో ఫోన్లో ఎత్తాను.