ఉమ్మడి జ్ఞాపకం

నా జ్ఞాపకాల్లో ఒకదాన్ని శాశ్వతంగా రద్దు చేయించుకోవాలని నిశ్చయించుకున్నాను. తొందరపాటు నిర్ణయం కాదు. నలభై ఏళ్లకు పైగా ఆలోచించాను.

వివరాలు అర్జీలో రాసుకున్నట్టే చెబుతాను. 1983 ఆగస్టు 15. నేను ఏడో తరగతి. జెండా కర్ర దగ్గర ముగ్గుపిండితో భారతదేశ పటం గీశారు. ఎవరో కింది మూల తొక్కేయడంతో శ్రీలంక మన దేశంలో కలిసిపోయింది. బడిపంతులమ్మ అయిన మా పెద్దత్తయ్య రాసిచ్చిన ఉపన్యాసాన్ని పన్నెండు రోజులు బట్టీ పట్టాను. పేరు పిలిచారు. వెళ్లి మైకు ముందు నిలబడి ‘సభకు నమస్కారం’ అన్నాను. మైకు కీచుమంది. రెండో వాక్యం రాలేదు. తలెత్తే ధైర్యం లేక ముందు వరసలోని పెద్దల కాళ్లు చూస్తూ ఉండిపోయాను. ఒకాయన కాలి బొటనవేలికి గుడ్డపీలిక కట్టి ఉంది, దాని మీద పసుపు మరక. ఆ మరకను ఎంతసేపు చూశానో తెలియదు. చివరకు ‘ఇంతటితో ముగిస్తున్నాను’ అని దిగిపోయాను. చప్పట్లు కొట్టారు. బిళ్లలు పంచినప్పుడు అందరికీ ఒకటి, నాకు రెండు ఇచ్చారు. ఆ రెండో బిళ్లే నన్ను ఎక్కువగా గాయపరచింది.

ఇందులోని అన్యాయం గమనించండి. కంఠతా పట్టిన ఉపన్యాసంలో ఒక్క ముక్క మిగల్లేదు. దాన్ని మరిచిపోయిన ముచ్చట మాత్రం పసుపు మరకతో సహా భద్రంగా ఉంది. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మను పండితుడు అర్థంలేని అక్షరాల గుంపులు తానే బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కకట్టి 1885లో ప్రకటించాడు. గంట తిరిగేసరికి సగానికి పైగా పోయిందట. ఆ లెక్కన నా బుర్ర సవ్యంగానే పనిచేసింది. కానీ మా ఊళ్లో ఎబ్బింగ్‌హాస్ ఎవరికి తెలుసు? అప్పటి నుంచి మా బంధువర్గంలో నా పేరు ‘సభకు నమస్కారం’.

రద్దు చేయించడం సాధ్యమా అంటే, ఎలుకలకు సాధ్యమే. 2000లో న్యూయార్క్‌లో కరీం నాదర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఎలుకలకు ఒక శబ్దం వినిపించి, వెంటనే కాళ్లకు కరెంటు తగిలించారు. ఆ తర్వాత శబ్దం వింటే చాలు, ఎలుకలు బిగుసుకుపోయేవి. అచ్చంగా మైకు ముందు నాలాగే. ఒకసారి ఆ శబ్దం వినిపించి, పాత భయం పైకి తేలిన వెంటనే, మెదడులో భయానికి నెలవైన చోట ప్రొటీన్ల తయారీని ఆపే మందు ఎక్కించారు. మర్నాటి నుంచి ఎలుకలకు బెంగ లేదు. శబ్దం వినిపించకుండా మందు ఒక్కటే ఇస్తే మాత్రం భయం ఎక్కడిదక్కడే ఉంది. అంటే గుర్తు చేసుకున్న ప్రతిసారీ జ్ఞాపకం కాసేపు పచ్చిగా మారి, మళ్లీ గట్టిపడుతుందన్నమాట. చెరిపినా దిద్దినా ఆ పచ్చిమీదే. రేషను కార్డు రద్దు చేయాలంటే రేషను కార్డు జిరాక్సు తెమ్మనే పద్ధతి ప్రకృతిలోనే ఉందని అప్పుడు తెలిసింది.

ఈ సిద్ధాంతం చదివాక మా ఇంటి చరిత్ర నాకు పూర్తిగా అర్థమైంది. మావాళ్లు ఆ ఉదంతాన్ని ప్రతి పెళ్లిలోనూ పైకి తీసి, పచ్చిగా ఉండగానే తలా ఒక చెయ్యి వేసి, మళ్లీ ఆరబెడుతున్నారు. మొదట్లో నేను ఒక్క నిమిషం మౌనంగా నిలబడ్డానని చెప్పేవారు. తొంభయ్యో దశకానికి అది పది నిమిషాలైంది. ఆ తర్వాత కన్నీళ్లు వచ్చి చేరాయి. మా అమ్మాయి ఓణీల నాటికి నా నిక్కరు తడిసింది. 1991లో పుట్టిన మా చిన్నాన్న కొడుకు ఇదంతా కళ్లారా చూశానని ఒట్టేసి చెబుతాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నా తలకాయ వరకు రద్దు చేయించినా మిగతా తలకాయల మాటేమిటి? ఇది స్వార్జితం కాదు, ఉమ్మడి ఆస్తి. వాటాదారులను లెక్కిస్తే ముప్పై ఎనిమిది మంది తేలారు. ఇద్దరు డాలస్‌లో, ఒకరు మెల్‌బోర్న్‌లో ఉన్నారు, పవరాఫ్ అటార్నీ పంపాలి. నిరభ్యంతర పత్రం మీద సంతకం పెట్టమంటే మా బావ మొహమాటం లేకుండా కుదరదన్నాడు. ‘నీ వాటా నువ్వు వదులుకో, మా వాటా జోలికి రాకు’ అన్నాడు. న్యాయంగానే మాట్లాడాడు. వియ్యాలవారితో మాట కలపడానికి అతని దగ్గర ఉన్న ఏకైక పెట్టుబడి అది.

పోనీ, జ్ఞాపకాన్ని ఉంచి బాధను మాత్రం తీయించుకోవచ్చు కదా అన్నారు మిత్రులు. అదీ పరిశీలించాను. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మెరెల్ కింట్ బృందం మనుషులకు సాలెపురుగు బొమ్మ చూపిస్తూ చిన్న షాక్ ఇచ్చింది. మర్నాడు బీపీకి వాడే ప్రొప్రనలాల్ 40 మిల్లీగ్రాములు మింగించి ఆ బొమ్మను మళ్లీ చూపించారు. మూడోనాటికి బొమ్మను చూస్తే షాక్ వస్తుందని వాళ్లకు తెలుసు, కానీ ఒళ్లు ఉలిక్కిపడలేదు. ఆ తర్వాత కొందరు చేసి చూస్తే ఇదే ఫలితం రాలేదు, అది వేరే సంగతి. బీపీ మాత్ర అనగానే నాకు అనుమానం వచ్చింది. మా పెద్దత్తయ్య ఇరవై ఏళ్లుగా బీపీ మాత్రలు మింగుతోంది. అయినా మా బాబాయి పెళ్లిలో తనకు రెండో బంతిలో విస్తరి వేసిన సంగతిలో ఒక్క మెతుకు కూడా తగ్గలేదు. ఆవిడ వేసుకునేది వేరే మాత్ర అని డాక్టరు సర్దిచెప్పాడు.

యుద్ధం చూసినవారు, ప్రమాదంలో బిడ్డను పోగొట్టుకున్నవారు రాత్రి కన్ను మూస్తే చాలు అదే చూస్తారు. వారికి ఇలాంటి మందు కావాలి, ముందుగా వారికే కావాలి. వారితో పాటు వరసలో నిలబడే అర్హత నాకు లేదు. ఈ మాట వ్యంగ్యం కాదు.

2003లో అమెరికా అధ్యక్షుడి జీవనీతి మండలికి ఇంకొక బెంగ పట్టుకుంది. నేరం చేసినవాడు మాత్ర వేసుకుని పశ్చాత్తాపం లేకుండా నిద్రపోతే ఎలా అని. పాపం, అక్కడ మాత్ర కావలసి వస్తుందేమో. మా ఊళ్లో రాత్రికి రాత్రే పొలం గట్టు జరిపినవాళ్లు మంచినీళ్లు కూడా తాగకుండానే గురకపెడతారు.

మా ప్లీడరు మిత్రుడు మాత్రం గట్టి అభ్యంతరం లేవదీశాడు. రద్దుకు అనుమతిస్తే ప్రతి బాకీదారూ ‘చెరిపించేసుకున్నాను’ అంటాడన్నాడు. పూర్వం ఇలాంటి దావా ఒకటి నడిచింది. మహాభారతంలో దుష్యంతుడికి శకుంతల శుభ్రంగా గుర్తే ఉంది, లోకానికి జడిసి ఎరగనన్నాడు. అది కథానాయకుడికి తగదని కాళిదాసు దుర్వాసుడి శాపం పేరిట అతనికి మెడికల్ సర్టిఫికెట్ ఇప్పించాడు. సాక్ష్యంగా ఉన్న ఉంగరాన్ని చేప మింగింది. మతిమరుపు మగవాడిది, నిరూపించుకునే భారం ఆడదానిది. ఆ తీర్పు మీద అప్పీలు ఇంతవరకు ఎవరూ వేయలేదు.

ఇంత కసరత్తు జరిగాక, మొన్న సంక్రాంతికి సంతకాల కోసం పెద్దత్తయ్య ఇంటికి వెళ్లాను. ఎనభై ఆరేళ్లు. ఈమధ్య మతి నిలవడం లేదు. కాఫీ తాగిన పది నిమిషాలకే ఇంకా కాఫీ ఇవ్వలేదేమని కోడలిని అడుగుతోంది. మా నాన్న పోయి తొమ్మిదేళ్లయింది. నాతో ‘నాన్న రాలేదా?’ అంది. నా పేరు కోసం కాసేపు తడుముకుంది, దొరకలేదు. అంతలో మొహం వెలిగింది. ‘ఒరేయ్, సభకు నమస్కారం! నువ్వట్రా!’

కాగితం జేబులోనే ఉంచుకున్నాను. ఆ రెండో వాక్యం ఏమిటో ఆవిడకైనా గుర్తుందేమో అనిపించి, దగ్గరగా కూర్చుని అడిగాను. నలభై ఏళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. పెద్దత్తయ్య కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నన్ను బడిపంతులమ్మ చూపు చూసింది.

‘నన్నడుగుతావేమిటి? రాయడం వరకే నా పని. బట్టీ పట్టింది నువ్వు కాదూ?’