జిమ్ గోడ మీది రికార్డుల బోర్డు గారికి

గౌరవనీయులైన రికార్డుల బోర్డు గారికి,

నమస్కారం. మాది కోనసీమ కాబట్టి గోడకి కొట్టిన ప్లైవుడ్ ముక్కనైనా గారూ అనే పిలుస్తాం. తమరు కొలువున్నది అమలాపురంలో, కాలవ పక్క సందులో, మేడ మీది జిమ్ములో, మంచినీళ్ళ కుళాయికి సరిగ్గా పైన. నీలం పెయింటు, తెల్లక్షరాలు. మూడో వరసలో నా పేరు, పక్కన డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీంచి బరువు లేపి నిటారుగా నిలబడ్డం, ఆ పక్కన 140 కేజీలు, చివర 2004. అప్పుడు నాకు 33 ఏళ్ళు, ఇప్పుడు 54. ఈలోగా నా జుట్టు, ప్యాంటు సైజు, కళ్ళజోడు నంబరు అన్నీ మారిపోయాయి. తమరి ఒంటి మీద ఉన్న 140 మాత్రం గీత చెరగలేదు.

మధ్యలో పదిహేనేళ్ళు వ్యాపారం, పిల్లల చదువులు, నడుం నొప్పి అంటూ ఇనుము ముట్టుకోలేదు. షుగరు బోర్డర్‌లో ఉందని డాక్టరు గారు భయపెడితే యాభై దాటాక మళ్ళీ మెట్లెక్కాను. మొదటి రోజు 60 కేజీలు ఎత్తి, రొప్పుతూ, దాహానికి కుళాయి దగ్గరికొస్తే నెత్తి మీద తమరు. పెళ్ళినాటి ఫొటో పక్కన నిలబెట్టి ‘ఇది మీరేనాండీ?’ అని అడిగినట్టయింది. అప్పట్నుంచి మూడేళ్ళుగా వారం వారం అదే తీసివేత: 140లోంచి ఇవాళ్టిది తీసెయ్, మిగిలింది మోసుకుంటూ ఇంటికి పో.

నాది ఎరువుల కొట్టు. పొద్దున్న లేస్తే తూకమే. అలాంటివాణ్ణి తమరి దగ్గర ఎలా మోసపోయానో చెప్పాలంటే ముందు యూరియా సంగతి చెప్పాలి. ఓ రోజు హమాలీల ముందు యూరియా బస్తా భుజానికెత్తుకుని, “ఇరవై ఏళ్ళ కిందట ఎత్తిన బస్తా. ఇవాళా ఎత్తాను, చూడండ్రా!” అన్నాను. వాళ్ళలో పెద్దాయన నోట్లో బీడీ తీసి, “ఆయ్. అప్పుడు బస్తా యాభై కేజీలండి. 2018 నుంచి నలభై అయిదేనండి. బిల్లు రాసేది తమరే కదండీ” అన్నాడు. నిజమే, ఆ బస్తాకి ఇన్నేళ్ళుగా బిల్లు రాస్తున్నది నేనే. కాగితం మీద 45 అని రాసిన చెయ్యే భుజం మీద దాన్ని 50 అనుకుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సర్కారు బస్తాయే చెప్పకుండా చిక్కిపోతే, తమరి 140 సంగతేమిటి?

పాత ప్లేట్లు ఇంకా జిమ్ములో మూలన పడున్నాయి. ఎక్కడో పోత పోయించిన లోకల్ సరుకు, మీద ఉబ్బెత్తు అంకెలతో 20. ఆదివారం కోచ్ కుర్రాణ్ణి బతిమాలి ఆరు ప్లేట్లూ, అప్పటి రాడ్డూ ట్రాలీ ఆటోలో కొట్టుకి తెచ్చి కాటా మీద పెట్టాను. ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. 18.35. రెండోది 17.90. మూడోది 18.60. కుర్రాడు నా మొహం చూడ్డం మానేసి నేల చూపులు మొదలెట్టాడు. ఆరూ కలిపి 109.5. రాడ్డు 20 ఉండాల్సింది 16.5. మొత్తం 126.

“తుప్పు పట్టి తగ్గాయేమోనండి” అన్నాడు.

“తుప్పుకి పద్నాలుగు కేజీలు పోతే ఈపాటికి జల్లెడలై ఉండేవి నాయనా” అన్నాను.

అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో ఇరవై కేజీల ప్లేటు యాభై గ్రాములకి మించి అటూ ఇటూ ఉండకూడదు. తమరి ప్లేట్లు తలో రెండు కేజీల దాకా మింగాయి. మా కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ వాళ్ళొచ్చి ముద్ర వేస్తారు, ముద్ర లేదంటే ఫైను. తమరికి ముద్ర వేసిందెవరండీ?

నా తప్పూ ఒప్పుకుంటాను. 2004లో ఆ బరువు లేపినప్పుడు నా వెన్ను రొయ్యలా వంగింది. రాడ్డు రెండుసార్లు తొడ మీద కూర్చుని, సేదదీరి, మళ్ళీ లేచింది. అప్పటి కోచ్ “అయిపోయింది, రాసెయ్” అన్నాడు. పెయింటర్ రాసేశాడు. పోటీలో అయితే ముగ్గురు రిఫరీలూ ఎర్ర లైటే వెలిగించేవారు.

ఇప్పుడు నేను గరిష్ఠ బరువు ఒక్కసారి ఎత్తి చూపించే పని పెట్టుకోను. అది ఎత్తే రోజు బలం కంటే ఆ రోజు నిద్రా టెన్షనూ ఎలా ఉన్నాయో ఎక్కువ చెబుతుంది. పైగా ఈ వయసులో నడుం పట్టేస్తే కొట్టు మూసుకోవాలి. అందుకని వెన్ను తిన్నగా ఉంచి, ఐదుసార్లు ఎత్తగలిగిన బరువు చూసుకుంటాను. కొత్త ప్లేట్లతో, కాటాలో తూచి మరీ, అది 105. ఇందులోంచి ఒక్కసారి ఎంత ఎత్తగలనో అంచనా కట్టడానికి ఎప్లీ సూత్రం అని ఒకటుంది: ఎన్నిసార్లు ఎత్తామో దాన్ని ముప్ఫైతో భాగించి, ఒకటి కలిపి, బరువుతో గుణించాలి. 105కి 122.5 వచ్చింది. పదిసార్లు దాటితే ఈ లెక్క గాలిపటమే కానీ ఐదుకి నమ్మొచ్చు.

అంటే 126కి 122.5. ఇరవై ఒక్క ఏళ్ళకి తరుగు మూడున్నర కేజీలు. ధాన్యంలో తేమ 17 శాతం దాటిందని తరుగు తీస్తే కళ్ళంలో ఎంత గొడవవుతుందో నేను చూస్తూనే ఉంటాను. ఇంత తక్కువ తరుగుకైతే ఏ రైతూ మారు మాట్లాడడు. తమరు మాత్రం మూడేళ్ళు నన్ను దివాలా తీసినవాడిలా చూశారు.

మా బావగారు లెక్కల మాస్టారు, రిటైరయ్యారు. విషయం విని మెక్‌కలక్ పట్టిక తీశారు. పవర్‌లిఫ్టింగ్‌లో నలభై దాటినవాళ్ళని కుర్రాళ్ళతో పోల్చడానికి వాడే గుణకాలు అవి. 54కి 1.204. గుణిస్తే 147 దాటింది. “బోర్డుని కొట్టేశాను బావగారూ!” అన్నాను. “ఓహో, వయసుకి మద్దతు ధర ప్రకటించారన్నమాట” అన్నారాయన. నా ఉత్సాహం చల్లారింది. ఆ 147 పోటీలో పెద్దవాళ్ళకి పనికొచ్చే అంకే కానీ, నేల మీంచి లేచిన బరువు కాదు. దాన్ని తమరి మీద రాయించమని అడగను. మనిద్దరిలో ఒకరైనా నిజం చెప్పాలి కదా.

గోదావరికి ధవళేశ్వరం దగ్గర మూడు హెచ్చరికలుంటాయి. 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో వాళ్ళు మొదటి దానికే గొడ్లని గట్టెక్కిస్తారు. ఒంటికీ అలాగే మూడుంటాయి: ముందు చురుకు పోతుంది, తరవాత బలం, ఆఖర్న కండ. నా మొదటి హెచ్చరిక సఖినేటిపల్లి రేవులో వచ్చింది. పంటు పడవ ఎక్కబోతుంటే కాలు ఒక్క క్షణం ఆలస్యంగా లేచి, బురదలో మోకాళ్ళ దాకా దిగబడ్డాను. టిక్కెట్లు కొట్టేవాడు చెయ్యందించాడు. ఆ మర్నాడు జిమ్ముకొస్తే తమరు యథాప్రకారం 140 చూపించారు. ఎప్పుడో వచ్చిపోయిన వరద మట్టం గోడ మీద గీసుకుని కూర్చున్న తమరికి ఇవాళ నీళ్ళు ఎక్కడున్నాయో ఏం తెలుస్తుంది?

అందుకే ఓ చిట్టా పెట్టాను. ఎరువుల కంపెనీ ఇచ్చిన డైరీయే. తేదీ, బరువు, ఎన్నిసార్లు, ఆపేటప్పటికి ఇంకా ఎన్ని చెయ్యగలననిపించింది, ముందు రాత్రి నిద్ర, సెట్టుకీ సెట్టుకీ మధ్య గడియారం చూసి మూడు నిమిషాలు. ఎప్పుడు ఆపాలో చూసుకోవడం కొబ్బరి దింపు తీసే ఆయన దగ్గర నేర్చుకున్నాను. అరవై దాటాయి, ఇంకా చెట్టెక్కుతాడు. “ఎక్కడం ఎప్పుడూ ఎక్కేస్తామండి. దిగాక అగ్గిపుల్ల గీస్తే చెయ్యి వణుకుతోందా అని చూసుకుంటానండి. వణికితే ఆ పూటకి చాలు” అన్నాడు. బీడీ సంగతి అతనితో వేరే మాట్లాడాలి.

ఒక్క రోజు అంకెని ఇంకో రోజుతో పోల్చను. మా వైపు వానాకాలం పంట సార్వా దిగుబడిని ఎండాకాలం పంట దాళ్వాతో పోల్చేవాడు ఉంటాడా? సార్వాకి సార్వా, దాళ్వాకి దాళ్వా. మే నెల ఉక్కలో ఎత్తింది మళ్ళీ మేతోనే. అలా చూస్తే రెండు దాళ్వాలలో ఐదుసార్ల బరువు 92.5 నుంచి 105కి వచ్చింది. తమరికి ఇది కనపడదు. తమరి మీద అంత చిన్న అక్షరాలకి చోటు లేదు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం అమ్మ. 78 ఏళ్ళు. చేతులు గుండెకి ఆనించుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పన్నెండు సెకన్లు, ఆ పైన పడితే ఒంటి సామర్థ్యం తగ్గినట్టని ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పింది. మార్చిలో అమ్మకి పంతొమ్మిది పట్టింది. “లేచి కూర్చోడానికి కూడా పరీక్షేవిట్రా, ఫీజు ఎంత?” అంది. ఈ వయసులో ఏం లాభం అని నేనూ అనుకున్నాను. అయితే 1990లో అమెరికాలో, ఓ వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్ళ వాళ్ళ చేత ఎనిమిది వారాలు కాళ్ళకి బరువుల వ్యాయామం చేయిస్తే వాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగిందని చదివాను. మర్నాటి నుంచి వారానికి మూడు రోజులు, అరుగు మీద, కాళ్ళకి ఇసక మూటలు కట్టి మొదలెట్టాం. జూన్‌లో పధ్నాలుగు సెకన్లు. “ఇంకా రెండు పైన బాకీ ఉన్నాను కదూ” అంటూ ఆవిడే లెక్క కట్టుకుంది.

కాబట్టి మనవి. మూడో వరసలో 140 చెరిపి 126 రాయించండి, తెల్ల పెయింటు నేనిస్తాను. దాని కింద ఓ కొత్త వరస: అమ్మ, కుర్చీ, 19 నుంచి 14. కేజీలు అని మాత్రం రాయనివ్వకండి, పెయింటర్‌కి అలవాటు.

ఇట్లు,
తమరి మూడో వరస

తా.క.: తమరి రెండో వరసలో బెంచ్ ప్రెస్ 110 రాయించుకున్న పెద్దమనిషి నిన్న డీఏపీ కోసం మా కొట్టుకొచ్చారు. కాటా పక్కనే పాత ప్లేట్లు కనబడ్డాయి. నేను నోరు తెరవబోతుంటే చెయ్యెత్తి, “వద్దండీ బాబూ, నాకేం చెప్పకండి” అని, చిల్లర కూడా తీసుకోకుండా వెళ్ళిపోయారు.