లంబసింగిలో టెంట్ వేసే ముందు రాత్రి గురించి ఆలోచించండి

చలికాలం వచ్చిందంటే లంబసింగి, వంజంగి ఘాట్ రోడ్లు శని, ఆదివారాల్లో కిక్కిరిసిపోతున్నాయి. మన మన్యాన్ని చూడడానికి ఇంతమంది వెళ్లడం నాకు సంతోషమే. అయితే ఆ ప్రయాణానికి జరిగే ఏర్పాట్లు చూస్తే మాత్రం ఆందోళన కలుగుతుంది. చికెన్ ఎన్ని కిలోలు కావాలి, స్పీకర్ ఎవరు తెస్తారు, మేఘాలు ఎక్కడి నుంచి బాగా కనిపిస్తాయి అని వారం రోజులు మాట్లాడుకునేవాళ్లు, డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకు మొదలై దాదాపు 13 గంటలు సాగే ఆ రాత్రిని పిల్లలతో ఎలా గడపాలన్నది ఆలోచించడం లేదు.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. టెంట్ ఎంత ఖరీదైనదన్న దానికన్నా దానిలో కింద ఏం పరుస్తున్నారన్నది ముఖ్యం. స్లీపింగ్ బ్యాగ్ ఎంత మందంగా ఉన్నా, మనం పడుకోగానే మన బరువుకు కిందివైపు దూది నలిగి, వేడిని పట్టి ఉంచే గాలి అందులోంచి పోతుంది. ఇక వీపుకూ నేలకూ మధ్య అడ్డు మిగలదు. పైన రెండు రగ్గులు కప్పుకున్నా అర్ధరాత్రి వణుకు పుట్టేది అందుకే. అద్దె టెంట్లలో తరచూ కనిపించేది పలచటి చాప ఒక్కటే కాబట్టి, మనిషికొక ఫోమ్ మ్యాట్ ఇంటి నుంచే తీసుకెళ్లండి. అది లేకపోతే అట్టపెట్టెలు విప్పి రెండు మూడు వరుసలుగా పరచుకున్నా చాలా తేడా ఉంటుంది.

చోటు ఎంచుకోవడం కూడా అంతే ముఖ్యం. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకు ఉష్ణోగ్రత మైదానంలో కన్నా సగటున ఆరున్నర డిగ్రీలు తక్కువగా ఉంటుంది. దానికి తోడు, మబ్బులేని రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి పల్లానికి జారి అక్కడే నిలిచిపోతుంది. అందుకే నీటి ఒడ్డున, గుంతలా ఉన్న పొలంలో ఫొటో బాగా వస్తుందని టెంట్ వేయించుకుంటే చలీ మంచూ రెండూ ఎక్కువవుతాయి. నాలుగు గంటలకల్లా చేరుకుని, వెలుతురు ఉండగానే కాస్త మెరక మీద, పొదలకు దూరంగా చోటు చూసుకోండి.

చలికి భయపడి కిటికీలన్నీ బిగించేయడం మనవాళ్లకు అలవాటు. నలుగురి ఊపిరిలోని తేమ బయటకు పోయే దారి లేక లోపలి గుడ్డ మీద బొట్లుగా పేరుకుంటుంది. మోచెయ్యి తగిలితే చాలు, ఆ నీరంతా దుప్పటి మీద కారుతుంది. దోమతెర జిప్ పూర్తిగా వేసి, పైనున్న గాలి కిటికీ తెరిచి ఉంచాలి. ఆ జిప్ విషయంలో బద్ధకం వద్దు, ఎందుకంటే కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది, అది కాటేసినా చాలాసార్లు నొప్పే తెలియదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది కుంపటి. నెగడు దగ్గర కాసేపు చలి కాచుకుని, మిగిలిన నిప్పులను పిల్లల కోసమని టెంట్‌లోకి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాళ్లకు మెలకువ కూడా రానివ్వకుండా ప్రాణం తీస్తుంది. కిటికీ కొంచెం తెరిచాం కదా అన్న ధైర్యమూ పనికిరాదు. దానికి బదులు సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి. పడుకునేటప్పుడు వేసుకోవడానికి ఒక జత పొడి బట్టలు, ఉన్ని సాక్సులు విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచండి.

మలేరియా గురించి, గడ్డిలో పొదల్లో ఉండే నల్లిలాంటి చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం గురించి కూడా తెలుసుకుని వెళ్లాలి. నిండు చేతుల చొక్కా, దోమల క్రీమ్ ఉండాలి, గడ్డి మీద నేరుగా పడుకోకూడదు. తిరిగి వచ్చిన రెండు మూడు వారాల్లో ఎవరికైనా జ్వరం వస్తే మాత్రలతో నెట్టుకురాకుండా, ఫలానా తేదీన ఏజెన్సీలో టెంట్‌లో పడుకున్నామని డాక్టరుకు ముందుగా చెప్పండి. చంకల్లో, నడుము దగ్గర, మోకాలి వెనక ఆ పురుగు కుట్టిన చోట నల్లటి పెచ్చు కట్టిన చిన్న పుండు ఉందేమో వెతికి, కనిపిస్తే అదీ చూపించండి.