వైట్‌నర్ గొడవేనా, ఆ పెద్దక్క కనపడలేదా మీకు?

మొన్న ఆదివారం మారతహళ్లిలో మా ఫ్లాట్‌లో నలుగురం కూర్చుని 'ది సిరియన్ బ్రైడ్' చూశాం. 2004 సినిమా, ఎరాన్ రిక్లిస్ తీసింది. సినిమా గంటన్నర చిల్లర, దాని మీద వాదన రెండు గంటలు, బిర్యానీ చల్లారిపోయింది. అప్పట్నుంచి దొరికిన రివ్యూలన్నీ చదువుతున్నా, చదివేకొద్దీ ఒళ్లు మండుతోంది. కథ మొత్తం చెప్పేస్తా, స్పాయిలర్లంటే పడనోళ్లు ఇక్కడే దిగిపోండి.

గోలన్ కొండల్లో మజ్దల్ షమ్స్ అని డ్రూజుల ఊరు, అరబ్బుల్లోనే వేరే మతం వాళ్లు వీళ్లు. 1967 యుద్ధంలో సిరియా నుంచి ఇజ్రాయెల్ లాక్కుంది, 1981లో ఇక్కడ కూడా మా చట్టమే అనేసింది. ఊళ్లో చాలామంది మాకు మీ పౌరసత్వం వద్దు పొమ్మన్నారు, దాంతో ప్రయాణ కాగితాల్లో వాళ్ల జాతీయత ఏదని అడిగితే 'తేలలేదు' అన్నట్టు రాసి ఉంటుంది. పెళ్లికూతురు మోనా, పెళ్లికొడుకు డమాస్కస్‌లో టీవీ నటుడు. ఆ రెండు దేశాలకీ పడదు, సరిహద్దు గీత దాటిందంటే ఆ పిల్ల ఇక పుట్టింటికి రాలేదు, అంతే.

మాది హిందూపురం, మా అక్కనిచ్చింది గౌరిబిదనూరు. రాష్ట్రం మారింది గానీ బస్సెక్కితే గంట కూడా పట్టదు, అయినా అప్పగింతలప్పుడు మా అమ్మ ఏడ్చిన ఏడుపుకి బ్యాండు వాళ్లు వాయించడం ఆపేశారు. పదహారు రోజుల పండక్కి అక్క వచ్చేసింది లెండి. ఆ లెక్కన మోనా వాళ్లమ్మ ఎంత ఏడవాలి?

సరే, విమర్శలకొద్దాం. మా ఫ్రెండొకడు, రివ్యూల్లో కూడా ఇదే వరస, డైరెక్టర్ ఇజ్రాయెల్ వాడు కాబట్టి సరిహద్దులో ఇటు ఆఫీసర్నీ అటు ఆఫీసర్నీ ఇద్దర్నీ సమానంగా వెక్కిరించి తెలివిగా తప్పించుకున్నాడు, ఆక్రమించినోడూ పోగొట్టుకున్నోడూ ఒకటెట్లా అవుతారు అంటాడు. ఇందులో సగం నేనూ ఒప్పుకుంటా. 1967 గురించి తెలియకుండా చూసినోడికి ఇదేదో రెండు తాలూకాఫీసుల మధ్య ఫైలు తగాదాలాగే కనపడుతుంది. కానీ మోనా సరిహద్దు దాటేటప్పుడు కాగితాల మీద కొట్టే ముద్ర గొడవని ఉత్త కామెడీ అనడమే నాకు నచ్చలేదు. ఇజ్రాయెల్ వాడు 'దేశం వదిలి వెళ్తోంది' అని ముద్ర కొడితే గోలన్ మా దేశం అన్నట్టు, సిరియా వాడు ఆ ముద్ర చూసి లోపలికి రానిస్తే సరే మీదే అన్నట్టు, అందుకే వాడు ససేమిరా అంటాడు, గోలన్ సిరియానే కదా, సిరియా నుంచి సిరియాకి రావడానికి ముద్రేంటి అని. చివరికి దాని మీద వైట్‌నర్ పూస్తే ఈలోగా అటుపక్క డ్యూటీ మారి కొత్త ఆఫీసర్ వస్తాడు, మళ్లీ మొదటికి. నవ్వొస్తుంది, నేనూ నవ్వాను, కానీ రాజకీయం లేదని మాత్రం అనకండయ్యా, ఉన్నదంతా ఆ ముద్రలోనే ఉంది. పైగా డైరెక్టర్ ఒక్కడే రాసుకున్న కథ కాదిది, కలిసి రాసింది సుహా అర్రాఫ్, పాలస్తీనా ఆవిడ. ఆ పేరు ఎత్తకుండానే డైరెక్టర్ జాతకం చెప్పేస్తారు.

పాత్రలు ఎక్కువైపోయాయి అన్నది మాత్రం నిజం. ఇటలీలో వ్యాపారం చేసే మోనా అన్న, రెడ్‌క్రాస్ అమ్మాయితో వాడి పాత కథ, అదంతా తీసేసినా ఎవరికీ నష్టం లేదు.

ఇక 'మానవత్వం గెలిచింది' అని మురిసిపోయి ఐదు స్టార్లిచ్చే బ్యాచ్. మాంట్రియల్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద ప్రైజు, లొకార్నో ఫెస్టివల్‌లో ప్రేక్షకుల ప్రైజు వచ్చాయి కదా, వీళ్లకదే చాలు. వీళ్ల మీదే నాకు ఎక్కువ మంట. ఏం గెలిచిందండీ? రష్యా ఆవిడని పెళ్లి చేసుకున్నాడని మోనా ఇంకో అన్నని వెలేశారు, చెల్లెలి పెళ్లికొచ్చినా ఇంట్లోకి రానిస్తే నిన్నూ వెలేస్తామని ఊరి పెద్దలు తండ్రిని బెదిరిస్తారు. దీనికి ముళ్లకంచె ఎవరు వేశారు, ఇజ్రాయెలా, సిరియానా?

అన్నిటికంటే మోనా పెద్దక్క, అమల్. హియామ్ అబ్బాస్ చేసింది, ఆ ముఖంలో ఒక్కోసారి మాటే అక్కర్లేదు. ఇజ్రాయెల్‌లో హైఫా యూనివర్సిటీలో చదువుకుందామని సీటు తెచ్చుకుంటుంది, మొగుడేమో జనం ఏమనుకుంటారు, పెళ్లాన్ని అదుపులో పెట్టుకోలేడంటారు అంటాడు. చెల్లెలికి చీరె సర్దినట్టు ఆ తెల్లగౌను సర్ది, వంటా పెళ్లీ అన్నీ తనే మోసి, తన సంగతి మాత్రం ఎవరూ అడగరు. రివ్యూలు కూడా అడగలేదు, 'అబ్బాస్ నటన బాగుంది' అని ఒక ముక్క రాసి మళ్లీ పాస్‌పోర్టు దగ్గరికి పరుగు. నాకైతే సరిహద్దు సినిమా అంటే అమల్ ఇంటి హాలే, చెక్‌పోస్టు ఆ తర్వాత.

నిన్న అక్క బెంగళూరొస్తే మళ్లీ పెట్టి చూపించా. పెళ్లయిన కొత్తలో అక్కకి బీఈడీ సీటొచ్చింది, ఇప్పుడెందుకులే అన్నారు బావ, అక్కడితో ఆగిపోయింది, మా ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తం. మోనా ఎవరి పర్మిషనూ లేకుండా అటువైపు నడుచుకుంటూ వెళ్లిపోయే సీన్‌కి నేను కళ్లు తుడుచుకుంటుంటే అక్క స్క్రీన్‌లో ఇంకెవర్నో వెతుకుతోంది.

"ఆ పెద్దామె మొగుడు ఒప్పుకున్నాడా మరి, చదువుకి?" అంది.

"అది చెప్పలేదక్కా."

"చెప్పలేదంటే లేదనే," అని లేచి కుక్కర్ పెట్టడానికి పోయింది.