గాలివాటు గెలుపు కాదు: మారిట్ బౌమేస్టర్ నాలుగు ఒలింపిక్ పతకాలు

నెదర్లాండ్స్ సెయిలర్ మారిట్ బౌమేస్టర్ 2024 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని మార్సేయి తీరంలో రెండో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఆమె ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఒక అభిప్రాయం చేతులు మారుతూ వస్తోంది. తెరచాప పడవ పందెంలో గెలుపు గాలిదీ పడవదీ తప్ప మనిషిది కాదనీ, డచ్చివారికి సముద్రం ఇంటి పెరడు లాంటిదనీ, బిడ్డను కన్న రెండేళ్లకే ఆమెకు స్వర్ణం రావడం వట్టి అద్భుతమనీ దాని సారాంశం. మెప్పులా వినిపించే ఈ మాటలు ఒక క్రీడాకారిణి పదిహేనేళ్ల పనిని ఆమె ఖాతాలోంచి తీసి ఇతరుల ఖాతాలో వేస్తున్నాయి కనుక, ఒక్కొక్కటిగా జవాబు చెప్పవలసి ఉంది.

పడవ సంగతి ముందు తేల్చుకుందాం. ఆమె పోటీ చేసిన ఐఎల్‌సీఏ 6 పడవను పూర్వం లేజర్ రేడియల్ అనేవారు. పొడవు సుమారు 4.2 మీటర్లు, పడవ బరువు దాదాపు 59 కిలోలు, తెరచాప 5.76 చదరపు మీటర్లు. ఈ కొలతలు అందరికీ ఒకటే. ఒలింపిక్స్‌లోనైతే ఈ తరగతి పడవలను నిర్వాహకులే క్రీడాకారులకు అందజేస్తారు. డబ్బున్నవారు మెరుగైన పడవతో దిగే వీలు అక్కడ లేదు. హుస్సేన్‌సాగర్‌లో వానాకాలపు పోటీలు జరిగేటప్పుడు ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూసినవారికి ఈ రకం పడవ కొత్తది కాదు. ఒక మనిషి, ఒక తెరచాప, ఒక చేతిలో చుక్కాని కర్ర, రెండో చేతిలో తెరచాప తాడు. గాలి బలంగా వీచి పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు, పాదాలను లోపలి పట్టీ కింద బిగించి, తొడల మీదా పొట్ట కండరాల మీదా బరువంతా మోస్తూ, నడుము నుంచి పైభాగాన్ని నీటి మీదికి వాల్చి పడవను నిలబెట్టాలి. దీన్నే హైకింగ్ అంటారు. రెండు పడవలు పదడుగుల దూరంలో ఒకే గాలిలో సాగుతున్నా ఒకటి ముందుకు పోయి మరొకటి వెనకబడిందంటే, తేడా వాటిని నడిపేవారిలోనే ఉంది.

ఇక గాలి. ఏదో ఒక్క రేసులో అదృష్టానికి చోటుందన్నది నిజమే, దాన్ని కాదనడం న్యాయం కాదు. గాలి దిశ హఠాత్తుగా మారితే వెనకున్నవారు ముందుకు రావచ్చు. అయితే ఆ ఒక్క రేసుతో పతకం తేలకూడదనే ఈ పోటీని అనేక రేసుల వరుసగా రూపొందించారు. మొదటి స్థానానికి ఒక పాయింటు, పదో స్థానానికి పది పాయింట్లు; మొత్తం తక్కువ వచ్చినవారే విజేత. అన్నిటిలోకీ చెత్త ఫలితాన్ని ఒకదాన్ని తీసివేస్తారు. ఆమె పతకాలు గెలిచిన ఒలింపిక్స్‌లో తొలి పదిమందే మెడల్ రేసు అనే ఆఖరి పందేనికి వెళ్లారు, అందులో పాయింట్లు రెట్టింపు. దాదాపు నలభై పడవల మధ్య రోజుల తరబడి ముందు వరుసలో ఉండడం అదృష్టంతో అయ్యే పని కాదు.

ఆమె పతకాలు వచ్చిన చోట్లు చూడండి. 2012లో ఇంగ్లండ్‌లోని వేమత్‌లో రజతం, 2016లో రియో గ్వానబారా అఖాతంలో స్వర్ణం, 2021లో జపాన్‌లోని ఎనోషిమాలో కాంస్యం, 2024లో మార్సేయిలో మళ్లీ స్వర్ణం. రియోలో కొండల మధ్య సుడి తిరిగే గాలి, దానికి తోడు అఖాతపు ప్రవాహాలు. ఎనోషిమాలో పసిఫిక్ నుంచి వచ్చే పెద్ద అలలు. మార్సేయిలో గాలి పడిపోయి మెడల్ రేసే మరునాటికి వాయిదా పడింది. ఈ నాలుగింటికి తోడు 2011, 2014, 2017, 2020 సంవత్సరాల్లో నాలుగు ప్రపంచ టైటిళ్లు ఉన్నాయి. ఇన్నేళ్లపాటు ఇన్ని తీరాల్లో ఒకే మనిషికి గాలి కలిసొచ్చిందంటే, నీటి మీద నల్లబడే మచ్చలను చూసి రాబోయే గాలిని ఆమె ఇతరులకన్నా ముందుగా గుర్తుపడుతున్నదని అర్థం. వేమత్‌లో మెడల్ రేసుకు ముందు తొలి నలుగురి మధ్య తేడా ఒక్క పాయింటే. ఆ ఒక్క రేసులో చైనాకు చెందిన షూ లీజియా స్వర్ణం ఎగరేసుకుపోయింది. అదృష్టం బౌమేస్టర్ పక్షమే అయ్యుంటే అది ఆనాడే కనిపించవలసింది.

పుట్టుకతోనే సముద్రం వచ్చిందన్న వాదన ఎక్కువసేపు నిలవదు. నెదర్లాండ్స్‌లో సరస్సులూ కాలవలూ నిండిన ఫ్రీస్లాండ్ ప్రాంతంలో పుట్టడం ఆమెకు మేలు చేసిందనడంలో సందేహం లేదు. కానీ అదే చాలినట్లయితే ఆమెకు ముందే డచ్ మహిళలు స్వర్ణాలు గెలవవలసింది. మార్గ్రీత్ మథైసె 1996లోనూ 2000లోనూ రజతం దగ్గరే ఆగిపోయింది. సెయిలింగ్ మహిళల విభాగాల్లో నెదర్లాండ్స్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం 2016లో బౌమేస్టర్ తెచ్చినదే. మరో సంగతి, 2023లో డచ్ తీరమైన హేగ్‌లో జరిగిన ఇదే తరగతి ప్రపంచ పోటీలో గెలిచిన మారియా ఎర్దీది హంగరీ, సముద్రమే లేని దేశం.

ఆఖరిది, 'అద్భుతం' అన్న మాట. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. 2022లో ఆమె ఒక ఆడపిల్లకు తల్లి అయింది. హైకింగ్‌కు ఆధారమైన పొట్ట కండరాలే గర్భధారణలో అన్నిటికన్నా ఎక్కువగా సాగి బలహీనపడతాయి కనుక, మళ్లీ పడవ అంచు మీద గంటసేపు వేలాడాలంటే ఆ బలాన్ని మొదటి నుంచి కూడగట్టుకోవాలి. దాన్ని అద్భుతం అన్నామంటే ఆ రోజువారీ శ్రమ ఎవరికీ కనబడకుండా పోతుంది. ఎనోషిమాలో ఆమెను కాంస్యానికి పరిమితం చేసి స్వర్ణం తీసుకున్న డెన్మార్క్ సెయిలర్ ఆన్-మరీ రిండమ్ మార్సేయిలోనూ బరిలో ఉంది. ఈసారి రిండమ్‌కు దక్కింది రజతం.