పరీక్షకు కూర్చున్న మన్ను

మా నాయన పోయిన తరువాత నాకు దక్కిన ఆస్తి అనంతపురానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న నాలుగెకరాల ఎర్ర గరుసు నేల, ఒక ఎనుము, ఆ రెండింటి మీదా సర్వహక్కులూ తనవేనని నమ్మే మా అమ్మ. ఉద్యోగం పట్నంలో కాబట్టి నేను శనాదివారాల రైతును. చేను గుత్తకు ఇచ్చినాము. గుత్తకు తీసుకున్నాయన ఏటా బుడ్డలు, అంటే వేరుశనగ, వేస్తాడు, ఏటా ఆకాశం వైపు చూస్తాడు, ఏటా గుత్త డబ్బులు ఉగాదికి ఇస్తానని చెప్పి దసరాకు ఇస్తాడు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా పడని చోట అంతకన్నా ఎవరైనా చేయగలిగిందేమీ లేదు గానీ, ఆ సంగతి ఒప్పుకునే తెలివి అప్పటికి నాకు లేదు.

ఉగాదికి రెండు వారాల ముందు ఊరికి పోయినప్పుడు రైతు సేవా కేంద్రం ముందు ఆగినాను. 2020 మే 30న రైతు భరోసా కేంద్రంగా మొదలై, తరువాత పేరు మారినా, మా ఊరి నోట్లో ఇప్పటికీ ఆర్బీకేగానే మిగిలిన కేంద్రం అది. అక్కడి వ్యవసాయ సహాయకుడు పాతికేళ్ల కుర్రవాడు, మర్యాదస్థుడు. పంట కోసి చేను ఖాళీగా ఉన్న ఈ వేసవిలోనే మట్టి పరీక్ష చేయించుకోవాలని, నేలలో ఏది తక్కువో తెలియకుండా ఎరువు వేయడం రోగం తెలియకుండా మందు మింగడం లాంటిదని ఆయన చెప్పినాడు. ఎందుకో ఆ మాట నాకు బాగా నచ్చింది. బహుశా చేనికి నేను చేయగలిగిన మొదటి పని, అందులోనూ ఎండలో ఎక్కువసేపు నిలబడనవసరం లేని పని, అదొక్కటే కావడం వల్ల కావచ్చు.

మట్టి తీయడం ఎంత శాస్త్రమో ఆ రోజే తెలిసింది. చేనంతా వంకరటింకరగా తిరుగుతూ ఎనిమిది పది చోట్ల తీయాలి. పైనున్న చెత్తాచెదారం పక్కకు నెట్టి, ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో అర అడుగు లోతు, అంటే 15 సెంటీమీటర్లు, గుంత తవ్వి, దాని అంచు వెంబడి పైనుంచి కింది వరకు ఒక పలుచని పొర గీరుకోవాలి. గట్ల పక్కన, చెట్ల కింద, కాలువల దగ్గర, మరీ ముఖ్యంగా పెంట దిబ్బలు ఉన్న చోట తీయకూడదు. యూరియా సంచిలో వేయకూడదు, ఎండలో ఆరబెట్టకూడదు. తీసిందంతా గుడ్డ మీద పోసి, గడ్డలు చిదిమి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పారబోసి, మిగిలిన రెండింటిని కలిపి మళ్లీ నాలుగు చేసి, చివరికి అరకిలో మిగిలేదాకా ఇదే వరస.

నేను ఈ తంతును పురోహితుడు మంత్రం తప్పకుండా చదివినంత నిష్ఠగా జరిపినాను. మా నడవ నీడలో రెండు రోజులు ఆరబెట్టి, సన్న జల్లెడ పట్టి, తెల్లటి గుడ్డసంచిలో పోసి, పేరు, సర్వే నంబరు రాసిన చీటీ లోపల వేసి, మూతి కట్టి, దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించినాను. సోమవారం పొద్దున్నే నేను పట్నానికి బస్సెక్కాలి కాబట్టి, ఆ సంచిని సహాయకునికి అందజేసే బాధ్యత మా అమ్మకు అప్పగించినాను.

‘ఇది పరీక్షకు పోవాల మా. భద్రం.’

‘పరీక్షకా? సరేలే నాయనా, నేను చూసుకుంటా’ అన్నది మా అమ్మ. ఆ ‘చూసుకుంటా’ అనే మాట దగ్గరే నేను బస్సు దిగి ఉండవలసింది.

వేసవి నడిమధ్యలో భూసార పత్రం వచ్చింది. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం మొదలుకొని జింకు, బోరాన్ దాకా, నేల పులుపో క్షారమో చెప్పే ఉదజని సూచికతో, కుళ్లిన ఆకూ పేడా నేలకిచ్చే సేంద్రియ కర్బనంతో కలిపి మొత్తం 12 అంశాలు అందులో వరుసగా ఉంటాయి. సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే తక్కువ, ముప్పావు శాతం దాటితే ఎక్కువ అని లెక్క. మా వైపు ఎర్ర నేలలు సాధారణంగా ఆ అర శాతం గడప కూడా తొక్కవు. మా చేనేమో ఒక శాతం దాటి మేడ మీద కూర్చుంది. భాస్వరం ఎక్కువ, పొటాష్ ఎక్కువ. లవణాలు మాత్రం ఉండవలసిన దానికన్నా కొంచెం ఎక్కువని సహాయకుడు గొణిగినాడు గానీ, సంతోషంలో ఉన్న మనిషి చెవికి అలాంటివి ఎక్కవు.

‘సార్, నా సర్వీసులో ఇట్లాంటి మన్ను చూడలేదు’ అన్నాడాయన. ఆయన సర్వీసు నాలుగేళ్లే అయినా నాకు గర్వంగానే అనిపించింది. వానాధారం వేరుశనగకు ఎకరాకు 8 కిలోల నత్రజని, 16 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ వేయమని మామూలుగా చెబుతారని, ఈ నేలకు అందులో చాలా భాగం మిగుల్చుకోవచ్చని, పూత తరువాత కాయలు కట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు ఎకరాకు 200 కిలోల జిప్సం మాత్రం మరవవద్దని చెప్పి పంపినాడు.

ఇక్కడ నేనొక పాపం చేసినాను, దాచి లాభం లేదు. పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకొని నేరుగా గుత్తాయన దగ్గరికి పోయి, ఇంత బలమైన నేలకు ఇప్పుడిస్తున్న గుత్త తక్కువేమోనని, నేనేదో అతని మేలు కోరి చెబుతున్నట్టు చెప్పినాను. ఆయన పత్రాన్ని తిరగేసి చూసి, మడిచి నా చేతిలోనే పెట్టి, నెమ్మదిగా అన్నాడు.

‘సామీ, ఈ కాగితంలో ఉండే చేను నాకియ్యి. రాళ్లుండే ఆ చేను నువ్వే పెట్టుకో.’

అంతటితో ఆగినా బాగుండేది. వారం తిరగకముందే మండల వ్యవసాయాధికారి, సహాయకుడు, పదిహేనుమంది రైతులు మా చేనికి వచ్చినారు. ఎరువు సంచుల మీద ఆధారపడకుండా ఇంత సేంద్రియ కర్బనం నిలబెట్టిన ఆదర్శ రైతును చూపించి మిగతావారికి స్ఫూర్తి కలిగించాలన్నది వారి సదుద్దేశం. ఆదర్శ రైతునైన నేను ఇస్త్రీ చొక్కా వేసుకొని గట్టు మీద నిలబడినాను. అధికారి వంగి పిడికెడు మన్ను తీసుకుని పిసికినాడు. వేళ్ల సందుల్లోంచి సన్న ఇసుక జారిపోయి, అరచేతిలో మూడు పలుగురాళ్లు మిగిలినాయి. ఆయన వాటిని చాలాసేపు చూసినాడు. తరువాత నన్ను చూసినాడు. ‘ఇదేనా సర్వే నంబరు?’ అని అడిగినాడు. వెనకనుంచి ఎవరో ముసలాయన, ‘వీళ్ల నాయన ముప్పై ఏండ్లు ఇందులో బుడ్డలేసి అప్పులు పండించినాడు సార్, ఇదే’ అని సాక్ష్యం చెప్పినాడు.

ఎండ ముదిరింది. మజ్జిగ తాగి పోదాం రమ్మని అందరినీ ఇంటికి పిలిచినాను. గొర్రెలకు చిటుక రోగం టీకాలు వానలకు ముందే వేయాలి కాబట్టి ఆ పని మీద ఊళ్లోకి వచ్చిన పశుసంవర్ధక సహాయకురాలు కూడా అప్పటికే మా వసారాలో కూర్చొని ఉన్నది. ఆ అమ్మాయికి మా ఎనుముతో పాత పరిచయం. దాని చెవికి 12 అంకెల పసుపు బిళ్ల వేసింది ఆమే. తన చెవులకు కమ్మలు చేయించమంటే నలభై ఏండ్లు దాటవేసిన మొగుణ్ణి తలుచుకొని, ‘నీకు గవర్నమెంటే కమ్మ పెట్టించింది గదే’ అని మా అమ్మ దాన్ని దెప్పుతూ ఉంటుంది. తిండి తింటున్నా ఆ ఎనుము మూడు నెలలుగా చిక్కిపోతున్నది. పేడ పరీక్ష చేయిస్తే నట్టల గుడ్లు ఒక్కటీ కనపడలేదు. ఎందుకు చిక్కుతున్నదో తెలియక ఆ అమ్మాయి దిగులుపడుతున్నది.

మజ్జిగ గ్లాసులు పంచుతూ మా అమ్మ, వచ్చినవాళ్లందరూ మన్ను గురించే మాట్లాడుకోవడం విని మురిసిపోయింది.

‘బాగుండిందా సార్ మన్ను?’

‘కాగితంలో చాలా బాగుందమ్మా. చేలోనే బాగలేదు’ అన్నాడు అధికారి.

‘చేలోది ఎట్ల బాగుంటాది సార్? అది చేలోది కాదు గదా.’

వసారాలో గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. మా అమ్మ కొంగుతో చేయి తుడుచుకొని, ఎనుము కట్టేసిన పాక వెనక ఉన్న పెంట దిబ్బను ఇరవై ఏండ్ల చాకిరీ గర్వంతో చూపించింది.

‘ఆ దిబ్బ అడుగున బాగా మాగిన నల్లమన్ను. ఈ పిల్లోడు చేలోనుంచి బక్కమన్ను పట్టుకొచ్చి పరీక్షకు పంపమన్నాడు. పరీక్ష అంటే నలుగురు పెద్దోళ్లు చూసేది గదా సార్? పెండ్లిచూపులకు పిల్లను చినిగిన చీరతో కూర్చోబెడతామా? అందుకని మంచిది పోసి పంపినా. చీటీ మాత్రం వాడు రాసిందే ఏసినా, తప్పు జరగకూడదని.’

సహాయకుడు మజ్జిగ మింగలేక, ఉమ్మలేక నా వైపు చూసినాడు. పెంట దిబ్బ దగ్గర మన్ను తీయకూడదని ఆయన నాకు రెండుసార్లు చెప్పినాడు. మా అమ్మకు చెప్పాలని ఇద్దరికీ తోచలేదు.

‘మరి చేలోని మన్ను ఏమైందమ్మా?’ అని అడిగినాడు అధికారి, ఇంకా ఆశ చావక.

మా అమ్మ ఆయన కాళ్ల కిందికి చూపించింది. ఉగాదికి గడప ముందరి మెట్టుకు, తులసి కోటకు ఎర్రమన్ను పూసి, పైన సుద్దతో ముగ్గు గీతలు తీర్చి ఉన్నది. నాలుగెకరాలలో పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసిన శాస్త్రీయ నమూనా మీద అధికారిగారి బూట్లు ఆనించి ఉన్నాయి. ఆయన తటాలున కాళ్లు వెనక్కి తీసుకున్నారు.

‘రాయీ రప్పా లేకుండా జల్లెడ పట్టి పెట్టినాడు సార్, పాపం. నా బిడ్డ పండగకని తెచ్చినాడేమో అనుకుంటి. పూస్తే ఎంత నున్నగా వచ్చిందో చూడండి.’

అప్పటిదాకా నవ్వు ఆపుకోవడానికి పమిట నోటికి అడ్డం పెట్టుకున్న పశుసంవర్ధక సహాయకురాలు ఉన్నట్టుండి నవ్వు మానేసి నిటారుగా కూర్చున్నది.

‘అవ్వా... అయితే ఆ పొద్దు నాకిచ్చిన పేడ?’

మా అమ్మ మొదటిసారి తల కొంచెం వంచుకున్నది.

‘మనదాని పేడ పలచగా ఉండింది పాప. అట్లాంటిది ఒకరి చేతికి ఎట్లిస్తాము? ఎదురింటోళ్ల ఎనుముది గట్టిగా, ముచ్చటగా ఉంటే...’

ఆ పూటే మా ఎనుముకు నట్టల మందు పడింది. తోడుగా ఎదురింటి ఎనుముకు కూడా పట్టించినారు. దాని ఆరోగ్యం దివ్యంగా ఉన్నదని ప్రభుత్వ కాగితం ఉన్నా వాళ్లు వద్దనలేదు. వచ్చిన రైతులు స్ఫూర్తి పొందినారో లేదో గానీ, మజ్జిగ మాత్రం రెండేసి గ్లాసులు తాగి, దారి పొడవునా నవ్వుకుంటూ పోయినారు. గుత్తాయన వాళ్లలో లేడు. సాయంత్రానికి మాత్రం సంగతంతా ఆయనకు ముక్క పోకుండా తెలిసింది.

విత్తనం పడకముందే నేను మళ్లీ పార పట్టుకొని చేనికి పోయినాను. మళ్లీ పది గుంతలు, మళ్లీ నాలుగు భాగాలు, మళ్లీ గుడ్డసంచి. ఈసారి ఆ సంచిని రాత్రి దిండు కింద పెట్టుకొని పడుకొని, తెల్లవారి నా చేతులతోనే సహాయకునికి అందించి, ఆయన ముందరే ముడి విప్పి రంగు చూపించి వచ్చినాను. పత్రం వచ్చింది. నత్రజని తక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ, జింకు తక్కువ. ఆయన సిఫారసు చేసిన మొదటి మందు, ఆ నల్లని పెంట దిబ్బను బండికెత్తి చేనికి తోలమని.

దాన్ని మా అమ్మకు చదివి వినిపించినాను. ఆమె విని, ‘ఈ మాట నన్నడిగితే చెప్పనా?’ అన్నట్టు ఒక చూపు చూసి, పత్రం సంగతి వదిలేసి, అసలు తన మనసులో ఉన్నది అడిగింది.

‘అరకిలో మిగిలేదాకా రెండు పాళ్లు పారబోస్తా పోవాల అంటివి గదా. ఆ పారబోసేదేదో ఇంటికి తెచ్చింటే నీ సొమ్మేం పోయింది రా? దీపావళికి గడప ఎట్లుందో చూసినావా?’